అరిగిన రికార్డు వేరు, గీత పడ్డ రికార్డు వేరు

ఒకే మాట పదే పదే చెప్పేవాళ్లని మనం 'అరిగిపోయిన రికార్డు' అంటాం. పాత జాజ్ ఎల్పీ రికార్డులు కొనడం మొదలుపెట్టిన కొన్నాళ్లకి ఈ మాటలో ఒక చిన్న పొరపాటు ఉందని నాకు అర్థమైంది. అరిగిన రికార్డు చెప్పిందే చెప్పదు. చెప్పిందే చెప్పేది గీత పడ్డ రికార్డు. సూది ఆ గీత దగ్గరికి రాగానే ముందుకు పోలేక పక్క గాడిలోకి జారి, ఇందాకటి ముక్కే మళ్లీ ఎత్తుకుంటుంది. అరిగిన రికార్డు మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా పాడుతుంది. గొంతు మాత్రం పోయి ఉంటుంది. ట్రంపెట్ గట్టిగా ఊదిన చోట గుడ్డ చినిగినట్టు వినిపిస్తుంది. పియానో పైస్థాయిలో గాజు పెంకులు రాలినట్టు ఉంటుంది.

ఈ తేడా నాకు డబ్బు పోయాక తెలిసింది. కొన్నేళ్ల కిందట ట్రంపెట్ వాద్యకారుడు లీ మోర్గన్ 'ది సైడ్‌వైండర్' ఎల్పీని ఆన్‌లైన్‌లో 140 డాలర్లు పెట్టి కొన్నాను. అమ్మినాయన దాని పక్కన 'నియర్ మింట్' అని రాశాడు, అంటే దాదాపు కొత్తదే అని. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. దీపం కింద పెడితే రికార్డు అద్దంలా మెరిసింది, వెంట్రుకంత గీత కూడా కనపడలేదు. సూది పెట్టాను. పియానో, బేస్, డ్రమ్స్ చక్కగా మొదలయ్యాయి. ట్రంపెట్, శాక్సోఫోన్ కలిసి ఎత్తుకోగానే శబ్దం చినిగిపోయింది. సూది శుభ్రం చేశాను, రికార్డు కడిగాను, ఇంకోసారి కడిగాను. ఏమీ మారలేదు. అరవైల్లో ఎవరో దాన్ని ఎంతో పదిలంగా అట్టలోంచి తీస్తూ, మళ్లీ పదిలంగా పెడుతూ, బరువైన సూదితో కొన్ని వందలసార్లు విన్నారు. వాళ్ల జాగ్రత్త అంతా పైకి కనిపిస్తోంది. వాళ్ల ఇష్టం గాడి లోపల కనిపిస్తోంది.

పాత జాజ్ రికార్డుల బజారులో అయోమయమంతా ఇక్కడే ఉంది. ధర లేబుల్‌ని చూసి పెడతారు. గ్రేడు పైమెరుపుని చూసి ఇస్తారు. సంగీతం మాత్రం గాడిలో ఉంటుంది. ఈ మూడూ ఒకటేనని అనుకుని కొన్నంత కాలం మనకి ఒకే ఆల్బమ్ ఒకచోట 15 డాలర్లకీ, ఇంకోచోట అనేక వందల డాలర్లకీ ఎందుకు అమ్ముతున్నారో అంతుపట్టదు.

చెవి గుర్తు కథ

నేను ఉండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌కి దగ్గర్లో. ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. మనం రోజూ ఆఫీసులకి, గుడికి, కూరగాయల కొట్టుకి తిరిగే ఈ ఊళ్లలోనే యాభైలు, అరవైల నాటి బ్లూ నోట్ కంపెనీ రికార్డులు చాలావరకు పుట్టాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ కంపెనీ 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. దాన్ని నడిపిన ఆల్ఫ్రెడ్ లయన్, ఫ్రాన్సిస్ వుల్ఫ్ ఇద్దరూ బెర్లిన్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి రికార్డింగ్ చేసిపెట్టిన రూడీ వాన్ గెల్డర్ పగలు కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్టు. హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాలునే స్టూడియోగా వాడేవాడు. 1959లో ఎంగల్‌వుడ్ క్లిఫ్స్‌లో, ఎత్తయిన చెక్క పైకప్పు ఉన్న సొంత స్టూడియో కట్టుకున్నాడు. 'ది సైడ్‌వైండర్' అక్కడే 1963 డిసెంబర్ 21న రికార్డయింది. లీ మోర్గన్ ట్రంపెట్, జో హెండర్సన్ శాక్సోఫోన్, బ్యారీ హ్యారిస్ పియానో, బాబ్ క్రాన్షా బేస్, బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్స్. ఆల్బమ్ 1964లో బజారుకి వచ్చింది, కంపెనీ ఊహించనంతగా అమ్ముడుపోయింది.

ఎల్పీ ఎలా తయారవుతుందో తెలిస్తే ధరల చిక్కుముడి సగం విడిపోతుంది. ముందు టేపు మీద రికార్డు చేస్తారు. ఆ టేపుని వాయిస్తూ, లక్క లాంటి పూత ఉన్న అల్యూమినియం పళ్లెం మీద గాడి కోస్తారు. దాన్ని ల్యాకర్ అంటారు. ల్యాకర్ నుంచి లోహపు అచ్చులు తీస్తారు. ఆఖరి అచ్చుని స్టాంపర్ అంటారు. దాంతో వినైల్ అనే వేడి ప్లాస్టిక్‌ని నొక్కితే రికార్డు వస్తుంది. స్టాంపర్ వెయ్యి కాపీల చుట్టుపక్కల అరిగిపోతుంది, అప్పుడు అదే తల్లి అచ్చు నుంచి ఇంకో స్టాంపర్ చేస్తారు.

ఈ మెట్లన్నిటిలో శబ్దాన్ని ఎక్కువగా నిర్ణయించేది ల్యాకర్ కోసిన మనిషి. బేస్ ఎంత ఉంచాలి, ట్రంపెట్‌ని ఎంత ముందుకి తేవాలి, మొత్తం ఎంత గట్టిగా కొయ్యాలి, అన్నీ ఆ చేతిలోనే ఉంటాయి. బ్లూ నోట్‌కి రికార్డింగ్ చేసిన వాన్ గెల్డరే ల్యాకర్ కూడా కోసేవాడు. కోశాక తన గుర్తు వేసేవాడు. ఆఖరి గాడికీ లేబుల్‌కీ మధ్య నున్నగా ఒక పట్టీ ఉంటుంది, దాన్ని డెడ్ వ్యాక్స్ అంటారు. రికార్డుని దీపానికి ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పితే ఆ పట్టీలో 'ఆర్‌వీజీ' అనో, 'వాన్ గెల్డర్' అనో కనిపిస్తుంది. అదే పట్టీలో ఇంకొంచెం తిప్పితే మరో గుర్తు ఉండొచ్చు. గొలుసుకట్టులో రాసిన ఇంగ్లిష్ పీ అక్షరం అది, తిప్పి చూస్తే అచ్చం చెవిలా ఉంటుంది. సేకరించేవాళ్లు దాన్ని 'ఇయర్' అనే పిలుస్తారు. అది ప్లాస్టీలైట్ అనే ఫ్యాక్టరీ గుర్తు. ఆ ఫ్యాక్టరీ నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఉండేది, మా ఇంటి నుంచి కారులో కాస్సేపే.

1965లో బ్లూ నోట్‌ని లిబర్టీ కంపెనీ కొనేసింది. 1966 నుంచి అచ్చు పని ప్లాస్టీలైట్ నుంచి వేరే ఫ్యాక్టరీలకి వెళ్లిపోయింది. చెవి గుర్తు అక్కడితో ఆగింది. వాన్ గెల్డర్ కోసిన పాత అచ్చులు మాత్రం కొత్త ఫ్యాక్టరీలకీ వెళ్లాయి. అందుకే లిబర్టీ కాలంలో వచ్చిన చాలా కాపీల్లో వాన్ గెల్డర్ గుర్తు ఉంటుంది, చెవి ఉండదు. గాడి కోసిన చెయ్యి అదే. అచ్చేసిన ఊరు వేరు. పైగా పాత లేబుల్ కాగితాలు మిగిలిపోతే వాటినీ వాడేశారు. లేబుల్ మీద పాత రకంగానే 'న్యూయార్క్ యూఎస్ఏ' అని ఉండి, డెడ్ వ్యాక్స్‌లో చెవి లేని కాపీలు అలా వచ్చినవే. లేబుల్ మాత్రమే ఫొటో తీసి 'ఒరిజినల్' అని పెట్టేవాళ్ల దగ్గర డెడ్ వ్యాక్స్ ఫొటో కూడా అడగాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. తెలిసిన అమ్మకందారు అడక్కముందే పెడతాడు.

కొన్నేళ్లకి ప్రిన్స్‌టన్‌లోని ఒక పాత రికార్డుల కొట్టులో నాకు ఇంకో 'సైడ్‌వైండర్' దొరికింది. లిబర్టీ లేబుల్, వాన్ గెల్డర్ గుర్తు ఉంది, చెవి లేదు. అట్ట మీద నీలం సిరాతో ఎవరిదో పేరు, కింద ఒక తేదీ. అట్ట మూల నలిగింది. రికార్డు మీద సన్నటి గీతలు బోలెడు. 35 డాలర్లు. ఇంటికి తెచ్చి కడిగి పెడితే మొదటి నిమిషం అక్కడక్కడ టిక్కుటిక్కుమంది. ట్రంపెట్ ఎత్తుకుంది. నిండుగా, ఇత్తడి వేడి తగిలేలా, ఎక్కడా చినగకుండా. ఆ రాత్రి దాన్ని మూడుసార్లు విన్నాను.

'ఒరిజినల్' అంటే ఏది?

మొదటి ముద్రణ అన్న మాట పుస్తకాలకి సరిపోయినంత తేలిగ్గా రికార్డులకి సరిపోదు. లేబుల్ మీద కంపెనీ చిరునామా మారుతూ వచ్చింది: లెక్సింగ్టన్ అవెన్యూ, తర్వాత వెస్ట్ 63వ వీధి, ఆ తర్వాత ఉత్త 'న్యూయార్క్ యూఎస్ఏ'. ఒకే రికార్డుకి ఒక వైపు ఒక చిరునామా, రెండో వైపు ఇంకో చిరునామా ఉన్నవీ ఉన్నాయి. మిగిలిన కాగితం పారెయ్యకుండా వాడుకున్నారు, అంతే. దానికి ఇవాళ వేల డాలర్ల మీద వాదనలు జరుగుతాయి. 'డీప్ గ్రూవ్' అని ఇంకోటి ఉంది: లేబుల్ మీద గుండ్రంగా నొక్కినట్టుండే లోతైన వలయం. అది అచ్చు యంత్రంలోని భాగం వదిలిన ముద్ర. శబ్దంతో దానికి ఏ సంబంధమూ లేదు. కాలాన్ని గుర్తుపట్టడానికి పనికొస్తుంది, అంతవరకే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వినడానికి కొనేవాళ్లు చెవి గుర్తుకి డబ్బు పెట్టక్కర్లేదు, వాన్ గెల్డర్ గుర్తుకి కొంత పెట్టొచ్చు, మిగతాదంతా గాడి ఆరోగ్యానికి పెట్టాలి. చెవి ఉన్న కాపీని చరిత్ర కోసం, చేతిలో పట్టుకున్న ఆనందం కోసం కొనుక్కోవచ్చు. అది తప్పేమీ కాదు. దాని మీదున్న ప్రేమని శబ్దం అని పేరు మార్చి చెప్పకూడదు.

మొదటిది కాబట్టి సరైనదని కూడా అనుకోకూడదు. దీనికి ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' కంటే మంచి ఉదాహరణ లేదు. 1959లో మాన్‌హాటన్‌లో, ఒకప్పుడు చర్చిగా ఉన్న కొలంబియా వారి 30వ వీధి స్టూడియోలో దాన్ని రెండు రోజుల్లో రికార్డు చేశారు. మార్చి 2 నాటి సెషన్‌లో ముఖ్యమైన టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరిగింది. ఆ టేపుని మామూలు వేగంతో వాయించేసరికి మొదటి వైపు మూడు పాటలూ అసలు కంటే కొంచెం వేగంగా, కొంచెం పై శ్రుతిలో వచ్చాయి. రికార్డుతో కలిసి పియానో వాయిద్దామని కూర్చున్నవాళ్లకి శ్రుతి కలిసేది కాదు. రెండో యంత్రం మీద తీసిన టేపు ఆధారంగా దీన్ని సరిచేసింది 1992లో. అంటే సేకరించేవాళ్లు ఎంత ఖరీదైనా పెట్టి కొనే 1959 నాటి కాపీలో మొదటి వైపు శ్రుతి తప్పే ఉంటుంది. తొలి అట్టల్లో కొన్నిటి మీద రెండో వైపు పాటల పేర్లు కూడా తారుమారయ్యాయి. ఆ రోజుల్లో జనం విన్నది ఎలా ఉండేదో వినాలనుకుంటే పాతది కొనండి. వాళ్లు ఆ గదిలో వాయించిన శ్రుతిలో వినాలనుకుంటే సరిచేసిన కొత్త ముద్రణే కొనాలి.

మోనోనా, స్టీరియోనా

మోనో అంటే అంతా ఒకే శబ్దంగా వినిపించేది, స్టీరియో అంటే కుడి ఎడమలకి వేర్వేరుగా వినిపించేది. స్టీరియో ఎల్పీలు 1957 చివర్లో, 1958లో బజారుకి వచ్చాయి. తర్వాత సుమారు పదేళ్లపాటు చాలా ఆల్బమ్‌లు రెండు రకాలుగానూ వచ్చాయి. 'సైడ్‌వైండర్' మోనో నంబర్ 4157, స్టీరియో నంబర్ 84157. జాజ్ సేకరించేవాళ్లలో మోనో మోజు ఎక్కువ, ధర కూడా ఎక్కువ. నిజానికి అరవైల నాటి బ్లూ నోట్ మోనో రికార్డులు చాలావరకు స్టీరియోకి వాడిన రెండు ట్రాకుల టేపునే ఒకటిగా కలిపి కోసినవి. వేరే రహస్యం ఏదీ లేదు. అయితే ఆ కాలపు స్టీరియోలో ఊదే వాద్యాలు ఒక చెవిలోకి, డ్రమ్స్ ఇంకో చెవిలోకి విడిపోయి ఉంటాయి. మోనోలో అందరూ ఒక్కచోట నిలబడి ఒక్క దెబ్బగా తగులుతారు. హెడ్‌ఫోన్‌తో వినే అలవాటున్నవాళ్లకి మోనో సుఖంగా ఉంటుంది.

అరుగుదలకి దీనితో ఒక సంబంధం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మోనో గాడిలో సూది పక్కలకి మాత్రమే ఊగుతుంది. స్టీరియో గాడిలో పైకీ కిందకీ కూడా కదలాలి. అరవైల్లో చాలా ఇళ్లలో ఇంకా పాత మోనో ప్లేయర్లే ఉండేవి, వాటి సూది పైకీ కిందకీ కదలడానికి ఇష్టపడేది కాదు. అలాంటి సూదికింద స్టీరియో రికార్డు పెడితే అది గాడి గోడల్ని చెక్కేసేది. అందుకే బాగా మెరిసే స్టీరియో కాపీ కూడా లోపల దెబ్బతిని ఉండే అవకాశం ఉంది.

మోనో రికార్డు కొన్నవాళ్లు ఆంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉంటే తప్పకుండా నొక్కాలి. దుమ్ము వల్ల, సన్నగీతల వల్ల సూది పైకీ కిందకీ ఎగిరినప్పుడు పుట్టే చప్పుడు చాలావరకు అక్కడే రద్దవుతుంది. ఖర్చు లేకుండా వచ్చే లాభం ఇది. ఒక్కటి మాత్రం అసలు కొనకండి: పాత మోనో టేపుని తర్వాత యంత్రాలతో స్టీరియోలా మార్చినవి. అట్ట మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో 'ఎలక్ట్రానికల్లీ' అన్న మాట కనిపిస్తుంది. శబ్దం బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

గ్రేడు అనే భాష

అమెరికాలో గోల్డ్‌మైన్ అనే పత్రిక పెట్టిన గ్రేడ్లనే అందరూ వాడతారు. రికార్డులు కొనే, అమ్మే డిస్కాగ్స్ సైటులోనూ (2000లో మొదలైంది) అవే. పైన మింట్, తర్వాత నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, ఇంకా కిందవి. మాటల్ని చూసి మోసపోకూడదు. 'గుడ్' అని రాసిన రికార్డు వినడానికి దాదాపు పనికిరాదు. 'వెరీ గుడ్' అంటే ఓపికుంటే వినొచ్చు. సుఖంగా వినాలంటే 'వెరీ గుడ్ ప్లస్' నుంచి మొదలుపెట్టాలి.

ఈ గ్రేడ్లు ఎక్కువమంది కంటితో చూసి ఇస్తారు. వేల రికార్డులు అమ్మే మనిషి ఒక్కోదాన్నీ నలభై నిమిషాలు వినలేడు. అందుకే నేను కొనేముందు ఒక్క ప్రశ్న అడుగుతాను: "చూసి గ్రేడ్ చేశారా, విని గ్రేడ్ చేశారా?" చూసి అంటే ఇంకో ప్రశ్న: "ఒక్కో వైపు ఆఖరి రెండు నిమిషాలు విని చెబుతారా?"

ఆఖరి రెండు నిమిషాలే ఎందుకంటే, రికార్డు ఎప్పుడూ నిమిషానికి 33⅓ సార్లే తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 1.8 సెకన్లు. బయటి అంచున ఆ 1.8 సెకన్లలో సూది కింద సుమారు 90 సెంటీమీటర్ల గాడి పోతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అదే సమయంలో 40 సెంటీమీటర్లు కూడా పోదు. అంత సంగీతమే సగం కంటే తక్కువ చోటులో కుక్కుకోవాలి. మలుపులు ఇరుకవుతాయి. బరువైన సూది ముందుగా చెడగొట్టేది ఆ ఇరుకు మలుపుల్నే. లోపలి గాడిలో ట్రంపెట్ శుభ్రంగా ఉంటే మిగతా రికార్డు గురించి టెన్షన్ పడక్కర్లేదు.

అదే 1.8 సెకన్లు గీతని అర్థం చేసుకోవడానికీ పనికొస్తుంది. గాళ్లకి అడ్డంగా ఒక మిల్లీమీటరు పొడవు గీత ఉందనుకోండి. ఇరవై నిమిషాల వైపు మీద అది ఏడెనిమిది చుట్లని కోస్తుంది. అంటే 1.8 సెకన్లకి ఒకసారి చొప్పున ఏడెనిమిది టిక్కులు, పావు నిమిషంలో అయిపోతుంది. అదే రెండు సెంటీమీటర్ల గీతయితే అయిదు నిమిషాల దాకా వాయిస్తుంది. గోరు మెల్లగా గీత మీద జరిపితే తగులుతోందా లేదా చూడాలి. తగలకపోతే చాలావరకు వినిపించదు కూడా. గాడికి అడ్డంగా పోయిన గీత టిక్కుమనిపించి వదిలేస్తుంది. గాడి వెంట, దాదాపు సమాంతరంగా పోయిన గీతే ప్రమాదం, సూదిని పక్క గాడిలోకి తోసేది అదే. మన సామెతలోని రికార్డు అది.

ఇంకో లోపం కంటికి అసలు కనిపించదు. నడిమధ్య రంధ్రం ఒక పిసరు పక్కకి పడితే శ్రుతి చుట్టుకొకసారి పైకీ కిందకీ ఊగుతుంది. డ్రమ్స్‌లో తెలియదు. పియానో ఒక స్వరం పట్టి ఉంచినప్పుడు వణికితే తెలిసిపోతుంది.

తక్కువ ధరకి ఎక్కువ సంగీతం

ధర అరుదుతనాన్ని బట్టి ఉంటుంది, సంగీతం గొప్పదనాన్ని బట్టి కాదు. కొలంబియా, ఆర్‌సీఏ లాంటి పెద్ద కంపెనీలు లక్షల్లో అచ్చేశాయి కాబట్టి డేవ్ బ్రూబెక్, డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీ ఒరిజినల్ కాపీలు ఇప్పటికీ చవకే. అరవైల్లో బేస్‌మెంట్‌కి చేరినవి, ఇంట్లో సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్స్‌లో పెట్టెలకి పెట్టెలు బయటికి వస్తాయి. అలా ఒక పెట్టెలో 6 డాలర్లకి నాకు ఎలింగ్టన్ 'ఫార్ ఈస్ట్ సూట్' దొరికింది. 1963లో అమెరికా ప్రభుత్వం ఎలింగ్టన్ బృందాన్ని మన దేశంతో సహా చాలా దేశాలకి పంపింది. ఆ ప్రయాణంలోంచి పుట్టిన ఈ ఆల్బమ్‌లో ఒక పాటకి ఢిల్లీ గోరువంక పేరే పెట్టారు. అక్కడ విన్న పిట్ట కూతని జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ మీద పలికించాడు. అమెరికాలో ఎవరిదో బేస్‌మెంట్‌లో దశాబ్దాలు పడి ఉన్న గోరువంక మా ఇంట్లో కూసినప్పుడు మా అమ్మ వంటింట్లోంచి "కిటికీ తీశావా?" అంది.

ప్రెస్టీజ్, రివర్‌సైడ్, కాంటెంపరరీ కంపెనీల ఆల్బమ్‌ల ఒరిజినల్స్ ఖరీదైనవే. వాటిని ఎనభైల్లో 'ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్' పేరుతో మళ్లీ వేశారు, అట్ట వెనక ఓజేసీ అన్న నంబర్ ఉంటుంది. మొదట అవి చవక రకం. సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ నాకు అన్నిటికంటే నమ్మకమైనవి ఇవే, ఎందుకంటే ఎనభైల నాటికి ఇళ్లలో తేలికపాటి సూదులు వచ్చేశాయి. అరుగుదల తక్కువ. డెబ్భైలు, ఎనభైల నాటి జపాన్ ముద్రణలకీ ఇదే మాట. వినైల్ నిశ్శబ్దంగా ఉంటుంది, అట్ట చుట్టూ కాగితం పట్టీ కూడా చెక్కుచెదరకుండా దొరుకుతుంది. శబ్దం కొంచెం సన్నగా, పైస్థాయి ఎక్కువగా ఉంటుందని కొందరంటారు. కొన్నిటి విషయంలో నేనూ ఒప్పుకుంటాను.

కొత్త వినైల్‌లో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగుల మీద హక్కుల గడువు తీరిపోయింది. ఎవరైనా వేసుకోవచ్చు. అలా వచ్చిన చవక ఎల్పీలు చాలా సీడీలోంచి తీసి వేసినవే. అట్ట మీద '180 గ్రాములు' అని పెద్ద స్టిక్కర్ ఉంటుంది. బరువు శబ్దాన్ని బాగుచెయ్యదు. టేపు ఎక్కడిది, ల్యాకర్ ఎవరు కోశారు అన్నది రాసి ఉందా లేదా చూడండి. బ్లూ నోట్ వాళ్లే 2019 నుంచి తెస్తున్న 'టోన్ పోయెట్' వరసలో కెవిన్ గ్రే అసలు టేపుల నుంచి కోశాడని రాసి ఉంటుంది. అలాంటిది కొత్తదే అయినా, అరిగిన ఒరిజినల్ కంటే నేను దాన్నే ఎంచుకుంటాను.

హైదరాబాద్, విజయవాడల నుంచి తెప్పించుకునేవాళ్లకి పోస్టేజీ, కస్టమ్స్ కలిపితే ఒక్కోసారి రికార్డు ధర దాటిపోతుంది. ఒక్కటి తెప్పించుకునే బదులు ఒకే అమ్మకందారు దగ్గర నాలుగైదు కలిపి తీసుకోవడం నయం. రికార్డుని అట్ట లోపల కాకుండా, లోపలి కవరుతో సహా బయట పక్కనే పెట్టి ప్యాక్ చెయ్యమనండి. దారిలో ఎత్తి పడేస్తే రికార్డు అంచు అట్టని కోసేస్తుంది.

కడగడం, వినడం

సెకండ్‌హ్యాండ్ రికార్డుని కడక్కుండా ఎప్పుడూ వినకూడదు. గాడిలో ఏళ్ల దుమ్ము ఉంటుంది, సూది దాన్ని గోడలకి రుద్దుతూ పోతుంది. నాకు పెద్ద యంత్రం లేదు. డిస్టిల్డ్ వాటర్, రెండు చుక్కల సువాసన లేని సబ్బుద్రవం, మెత్తటి బ్రష్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు. లేబుల్ తడవకుండా ఎడమచేత్తో కప్పి పట్టుకుని, గాడి తిరిగే దిక్కునే బ్రష్ తిప్పాలి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. కొళాయి నీళ్లు ఆరాక ఉప్పు వదులుతాయి. ఇంట్లో తాతల నాటి 78 ఆర్‌పీఎం ప్లేట్లు ఉంటే వాటికి ఆల్కహాల్ కలిపిన ద్రావణాలు తగలనివ్వకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో కరిగిపోతాయి.

ప్లేయర్ విషయంలో ఒకే మాట. సూట్‌కేసులా మూసే చవక ప్లేయర్ల సూది అయిదు గ్రాముల చుట్టుపక్కల బరువు వేస్తుంది. మామూలు మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి, అంటే సూదిని పట్టి ఉంచే భాగానికి, రెండు గ్రాములు చాలు. మంచి రికార్డుని అరగదీసిన ఆ పాత బరువే మళ్లీ మన ఇంట్లో మొదలుపెట్టకూడదు.

ఇక వినడం. జాజ్‌కి కొత్తవాళ్లు "పాట ఎక్కడ పోయింది?" అని అడుగుతారు. కర్ణాటక కచేరీ విన్నవాళ్లకి దారి దగ్గరే ఉంది. 'సైడ్‌వైండర్' మొదటి పాట 24 బార్ల బ్లూస్. బారు అంటే ఇక్కడ నాలుగు దెబ్బల లెక్క. ట్రంపెట్, శాక్సోఫోన్ కలిసి ఒక పల్లవి వాయిస్తాయి. తర్వాత అదే 24 బార్ల చుట్టు మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది, దాని మీద ఒక్కొక్కరు మనోధర్మంతో వాయిస్తారు. తాళం వేసినట్టు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, బారుకి నాలుగు. సోలో వాయిస్తున్నవాళ్లు ఎంత దూరం పోయినా 24వ బారు తర్వాత బేస్ మళ్లీ మొదటికి వచ్చి నిలబడటం వినిపిస్తుంది. ఒకసారి అది దొరికాక వదలదు. రెండోసారి వినేటప్పుడు బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్స్‌లోని సింబల్, అంటే తాళాల పళ్లెం మీదే దృష్టి పెట్టండి. అరిగిన కాపీలో ఆ పళ్లెం ఉత్త 'స్స్' మంటుంది. మంచి గాడిలో కర్ర తగిలిన దెబ్బ వేరు, లోహం మోగడం వేరు, రెండూ విడివిడిగా వినపడతాయి.

ఆ 140 డాలర్ల కాపీని నేను అమ్మలేదు. అరిగినదని తెలిసి ఇంకొకరికి అంటగట్టడం మనసొప్పలేదు. కిందటేడు నా మామూలు గుండ్రటి సూది తీసేసి, సన్నటి అంచుతో గాడి గోడని నిలువునా తాకే మైక్రోలైన్ సూది పెట్టాను. పాత సూదులు గోడని ఒకే ఎత్తులో అరగదీస్తాయి. ఆకారం మారితే కొత్త సూది, పాతది తాకని చోటుని పట్టుకోగలుగుతుందని విన్నాను. పెద్దగా ఆశలేమీ పెట్టుకోకుండానే పెట్టాను. పియానో, బేస్, డ్రమ్స్. ట్రంపెట్, శాక్సోఫోన్ ఎత్తుకున్నాయి. చినగలేదు. అంచుల్లో కొంచెం గరుకు ఉంది, కానీ లీ మోర్గన్ గొంతు అందులోనే ఉంది. రెండో వైపు తిప్పాను. ఆఖరి పాటలో, లేబుల్‌కి రెండు వేళ్ల దూరంలో, ఇంకా చినుగుతోంది. ఆ మూడు నాలుగు నిమిషాలకి మాత్రం నీలం సిరా పేరున్న కాపీ తీస్తాను.